పాత క్యాసెట్ల కోసం కొన్న యూఎస్‌బీ ప్లేయర్: ఆరు నెలలు వాడాక

నా అట్టపెట్టెలో 58 క్యాసెట్లున్నాయి. వాటిలో 39 ఇప్పటికి కంప్యూటర్‌లోకి ఎక్కాయి. ఆ పని చేసిపెట్టిన చిన్న యంత్రం గురించి రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను: పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే ఇది మీ పాటల్ని పాడుచేస్తుంది. ఒక పూట దగ్గర కూర్చుని సరిచేసుకుంటే మాత్రం, ఫోన్‌లో ఎంత వెతికినా దొరకనిది చేతికిస్తుంది. నాకైతే ఇచ్చింది.

ఎందుకు కొన్నానో చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. మేం నలుగురం స్కూలు నాటి స్నేహితురాళ్లం, నలుగురికీ పాటల పిచ్చే. 2020 సెప్టెంబరు 25 మధ్యాహ్నం వాళ్లలో ఒకామె ఫోన్ చేసి, "ఏమే, బాలు లేడే" అంది. ఇంకేం మాట్లాడలేదు. ఇద్దరం ఫోన్లు చెవికి ఆనించుకుని అలాగే కూర్చుండిపోయాం. ఆగస్టు నుంచీ ఆస్పత్రి బులెటిన్లు చదువుతూ, కాస్త మెరుగైందన్న వార్త వచ్చినప్పుడల్లా ఒకరికొకరం చెప్పుకుంటూ వచ్చాం. చివరికి ఆ ఫోన్ రానే వచ్చింది.

ఆ తర్వాత ఇలాంటి ఫోన్లు ఆగలేదు. 2021 మేలో గాయకుడు జి. ఆనంద్ గారు కొవిడ్‌తో పోయారు. అదే ఏడాది నవంబరు 30న సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు. 2023 ఫిబ్రవరి 2న దర్శకుడు విశ్వనాథ్ గారు. మధ్యలో ఒక్క రోజు గడిచిందో లేదో, 4న వాణీ జయరాం గారు. అప్పటికి ఆవిడకి పద్మభూషణ్ ప్రకటించి పట్టుమని పదిహేను రోజులు కూడా కాలేదు. విశ్వనాథ్ గారు కన్నుమూసిన తేదీ, 'శంకరాభరణం' విడుదలైన తేదీ ఒకటే. ఆ సినిమా వచ్చింది 1980 ఫిబ్రవరి 2న. దానికి బాలు గారికీ, వాణి గారికీ, సంగీతం చేసిన మహదేవన్ గారికీ ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చాయి. మహదేవన్ గారు 2001లో, పాటలు రాసిన వేటూరి గారు 2010లో ముందే వెళ్లిపోయారు. 'శంకరాభరణం' వచ్చేనాటికి నేను తొమ్మిదో తరగతి. ఆ సినిమా పాటలు రేడియోలో వస్తాయేమోనని ఎదురుచూసిన రోజులు నాకు నిన్న మొన్నటివిలా ఉన్నాయి.

ఎవరు పోయినా ఆ సాయంత్రం మేం చేసే పని ఒకటే. ఫోన్‌లో వాళ్ల పాటలు పెట్టుకుని వినడం. వింటున్న ప్రతిసారీ ఏదో వెలితి. దానికి మాటలు దొరికింది వాణి గారు పోయిన రోజున. "ఇది మన పాట కాదే" అంది మా స్నేహితురాలు. నిజమే. ఫోన్‌లో వచ్చేది శుభ్రంగా కడిగి ఆరేసినట్టుండే పాట. మాకు తెలిసిన పాటకి ముందు రేడియో 'జనరంజని'లో కోరిన శ్రోతల పేర్ల చివరి ముక్క ఒకటి ఉంటుంది. నేను రికార్డు బటనూ ప్లే బటనూ కలిపి నొక్కిన 'టక్'మనే చప్పుడు ఉంటుంది. పల్లవి మొదటి అక్షరం ఎగిరిపోయి ఉంటుంది. నలభై ఏళ్లుగా మా చెవుల్లో ఉన్న పాట అది.

2025 మార్చి 9న గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు పోయారు. మా అమ్మ రోజూ పెట్టుకున్న అన్నమయ్య కీర్తనల క్యాసెట్ ఆయనదే. 'వినరో భాగ్యము విష్ణుకథ'కి ఆయన కట్టిన వరస తెలియని ఇల్లు తెలుగునాట తక్కువ. ఆ రాత్రి అట్టపెట్టె దించాను. పాత టూ-ఇన్-వన్ (రేడియో, టేప్ రికార్డర్ కలిసి ఉండేది) తీసి ప్లగ్గు పెడితే లైటు వెలిగింది కానీ చక్రాలు కదల్లేదు. వెనక మూత విప్పి చూస్తే లోపలి రబ్బరు బెల్టులు కరిగి నల్లటి జిగురైపోయాయి. అప్పటికీ కొన్ని నెలలు అటూ ఇటూ ఊగి, చివరికి ఈ ప్లేయర్ తెప్పించాను.

వస్తువు సంగతికొస్తాను. అరచేతికి కాస్త పెద్దది. పాత వాక్‌మన్ ఆకారం. రెండు పెన్సిల్ బ్యాటరీలతోనూ నడుస్తుంది, యూఎస్‌బీ తీగతోనూ నడుస్తుంది. కంప్యూటర్‌కి తగిలిస్తే మైకులాగా కనపడుతుంది, రికార్డు చేసుకోవచ్చు. కంప్యూటర్ లేకుండా నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎంపీత్రీగా ఎక్కించే బటన్ కూడా ఉంది. పేరు రాయడం లేదు. పైన అచ్చేసిన పేరు మారుతుందే తప్ప ఇదే డబ్బా నాలుగైదు పేర్లతో అమ్మకానికుంది.

మొదటి దెబ్బ వేగం. పెట్టగానే బాలు గారి గొంతు ఎవరో కుర్రవాడి గొంతులా వినపడింది. నా చెవుల్లోనే ఏదో తేడా ఉందనుకున్నాను. ఫోన్‌లో ఐదు నిమిషాలు నడిచే పాట ఇందులో తొమ్మిది సెకన్లు ముందే అయిపోయింది. అంటే నూటికి మూడు వంతుల ఎక్కువ వేగం. గొంతు పోయి హార్మోనియం మీద ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్యన పడుతుంది. క్యాసెట్‌లో రీలు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. ఆ లెక్క కొంచెం తప్పినా మనకి తెలిసిన గొంతు ఇంకెవరిదో అయిపోతుంది. పోయిన మనిషి గొంతు కదా, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

దీనికి మందు ఉంది. మోటారు వెనక చిన్న రంధ్రంలో గడియారాల స్క్రూడ్రైవర్ పట్టేంత మర ఉంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పాలి, వినాలి, మళ్లీ తిప్పాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. సరిచూసుకోవడానికి కంపెనీ విడుదల చేసిన క్యాసెట్ వాడండి. రేడియోలోంచి మీరు పట్టుకున్నది వద్దు. ఆ రోజున మీ టేప్ రికార్డర్ ఏ వేగంతో నడిచిందో ఎవరికి తెలుసు? నా క్యాసెట్లలో 1983 నాటివన్నీ ఒక పిసరు వేగంగా ఉన్నాయి. అప్పటికి మా బెల్టు సాగి, పట్టేటప్పుడు రీలు నిదానంగా నడిచి ఉంటుంది. వాటిని తర్వాత కంప్యూటర్‌లో విడిగా సరిచేసుకున్నాను.

రెండోది హెడ్డు వాలు. హెడ్డు అంటే రీలుకి ఆని పాటని చదివే భాగం. ఇది తెలియక చాలామంది "క్యాసెట్ పాతబడింది, గొంతు మూసుకుపోయింది" అని పక్కన పడేస్తున్నారు. రీలు మీద హెడ్డు సరిగ్గా నిటారుగా ఆనకపోతే పై స్వరాలన్నీ చచ్చిపోతాయి. నాకు ఈ సంగతి ముందు తెలియదు, నెమ్మదిగా చదివి తెలుసుకున్నాను. హెడ్డు పక్కన స్ప్రింగుతో ఉండే చిన్న మర అది. దాన్ని సరిచేసిన ఆదివారం మధ్యాహ్నం గురించి మాత్రం వివరంగా చెప్పాలి.

'శంకరాభరణం'లోని 'మానస సంచరరే' పెట్టాను. బాలు గారు, వాణి గారు కలిసి పాడింది. మొదట రెండు గొంతులూ దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టున్నాయి. 'సంచరరే'లో 'స' వినపడటం లేదు, 'చ' మొద్దుబారి 'జ'కి దగ్గరగా ఉంది. మూత తీసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మరని గడియారం ముల్లు ఐదు నిమిషాలు కదిలినంత తిప్పాను. ఇంకా మూసుకుపోయింది. వెనక్కి తిప్పాను. మొదటి చోటికొచ్చింది. అది దాటి ఇంకొంచెం తిప్పాను. ఉన్నట్టుండి వాణి గారి 'స' సన్నగా, దారంలా బయటికొచ్చింది. వెనకే మృదంగం మీద వేలి చివర తగిలే చప్పుడు. ఇంకొంచెం తిప్పితే మళ్లీ మసక. వెనక్కొచ్చి ఆపేశాను. ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఏ అక్షరాన్నీ నలపకుండా, ఏ గమకాన్నీ తోసుకురాకుండా పాడే మనిషి ఆవిడ. ఆ గొంతు నా చేతికింద ఒక మర తిరుగుడులో తెరుచుకుంది. క్యాసెట్ ఆపి కాసేపు ఊరికే కూర్చున్నాను.

అలా విన్నాక బాలు గారి మీద గౌరవం ఇంకా పెరిగింది. ఆయన శాస్త్రీయ సంగీతం గురుముఖంగా నేర్చుకున్న మనిషి కాదు. ఆ సినిమా పాటలకి మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు దగ్గరుండి నేర్పించారని ఆయనే అందరికీ చెప్పుకున్నారు. ఇప్పుడు హెడ్‌ఫోన్‌లో వింటే ఆ కష్టం ఎక్కడా వినపడదు. నేర్చుకున్నదాన్ని తన గొంతులో ఎలా కలిపేసుకున్నారో అన్నది మాత్రమే వినపడుతుంది.

మూడోది శబ్దం పగలడం. వాల్యూమ్ చక్రం ఫుల్లుగా పెడితే కంప్యూటర్‌లోకి వెళ్లేది కూడా పగిలిపోతుంది. సగానికి తక్కువలో పెట్టుకోండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నేను దాంట్లోనే పట్టాను. వేవ్ ఫైల్‌గా, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో దాచుకుంటున్నాను. పంచుకోవడానికి మాత్రమే ఎంపీత్రీ. 'బుస్'మనే చప్పుడు తీసేసే సదుపాయం అందులో ఉంది. మొదట్లో ఉత్సాహంగా వాడాను. గట్టిగా తీస్తే వీణ మీటు చివరి మోత కూడా దాంతోపాటే పోతోంది, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. ఇప్పుడు వాడటం మానేశాను. బుస ఉండనీ.

పెన్‌డ్రైవ్ బటన్‌ని మాత్రం నమ్మొద్దు. నిశ్శబ్దం వస్తే పాట అయిపోయిందనుకుని కొత్త ఫైలు మొదలుపెడుతుంది ఇది. సాకీ పాడి, ఒక క్షణం ఆగి, పల్లవి ఎత్తుకునే లలితగీతాన్ని రెండు ముక్కలు చేసి పెట్టింది. ఆ ఆగడంలోనే కదా పాటంతా ఉన్నది! ఒక వైపు మొత్తాన్నీ ఒకే ఫైలుగా పట్టుకుని, కోయాల్సిన చోట మీరే కోసుకోండి.

రీలు ఊగుతోందా లేదా అని చూడటానికి వేణువుని మించిన పరీక్ష లేదు. గొంతులో ఊపు కలిసిపోతుంది, వేణువు దీర్ఘస్వరంలో దాక్కోలేదు. నేను 1986 నాటి 'సిరివెన్నెల' క్యాసెట్ పెట్టి చూశాను. అందులో వేణువు హరిప్రసాద్ చౌరాసియా గారిది. ఆ సినిమా పేరే సీతారామశాస్త్రి గారికి ఇంటిపేరైపోయింది. కొత్త బ్యాటరీలతో స్వరం నిలకడగానే ఉంది. బ్యాటరీ తగ్గేకొద్దీ గుండె దడలా ఊగడం మొదలైంది. బ్యాటరీలతో రెండు క్యాసెట్లు గట్టిగా నడవదు కాబట్టి రికార్డింగ్ అంతా తీగతోనే చెయ్యండి. పైమూత పలచన, ఇచ్చిన హెడ్‌ఫోన్ పనికిరాదు. వాటి గురించి అంతకన్నా చెప్పేదేం లేదు.

క్యాసెట్లకి ముందు చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏళ్ల తరబడి కదలని రీలు పొరలు పొరలుగా అంటుకుపోయి ఉంటుంది. ప్లే నొక్కే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. నేను మొదటి మూడింటికీ యంత్రాన్ని నమ్మక పెన్సిల్‌తోనే తిప్పాను, మణికట్టు నొప్పెట్టింది. రీలు మీద తెల్లటి బూజు కనిపిస్తే అసలు పెట్టకండి, హెడ్డుకి అంటి మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. నావి అలాంటివి నాలుగున్నాయి, విడిగా పెట్టాను. హెడ్డుని ప్రతి రెండు మూడు క్యాసెట్లకీ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. తుడిచిన దూది ఎర్రమట్టి రంగులోకి వస్తుంది. అది మన పాటల మీంచి రాలిన పొడే. సీ-90 (తొంభై నిమిషాలవి) కన్నా సీ-60 (అరవై నిమిషాలవి) క్యాసెట్లు బాగా బతికాయి. సీ-90లో రీలు పలచన కాబట్టి సాగడం, చుట్టుకుపోవడం ఎక్కువ. అవసరమైనవన్నీ సీ-60లో పట్టుకున్నందుకు చిన్ననాటి నన్ను మెచ్చుకున్నాను.

క్యాసెట్‌ని తయారుచేసిన బృందానికి నాయకుడు, ఫిలిప్స్ ఇంజినీరు లూ ఓటెన్స్ కూడా ఈ కాలంలోనే, 2021 మార్చిలో 94 ఏళ్ల వయసులో పోయారు. కోటు జేబులో పట్టాలని చెక్కముక్క ఒకటి కోసి, ఆ కొలతకి దీన్ని చేయించాడట. 1963లో బెర్లిన్‌లో మొదటిసారి చూపించారు. ఆయన పేరు నాకు ఈ ప్లేయర్ కొన్నాకే తెలిసింది. మా పాటలన్నీ ఆయన జేబు కొలతలోనే ఒదిగాయి మరి.

ఇది ఎవరికి అవసరం? మీ క్యాసెట్లన్నీ కొట్లో కొన్న సినిమా పాటలే అయితే కొనకండి. అవి ఫోన్‌లో ఇంతకన్నా బాగా దొరుకుతాయి. రేడియోలోంచి పట్టుకున్నవి ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి. నా పెట్టెలో ఆకాశవాణి 'ఈ మాసపు పాట'లు పదకొండున్నాయి. వాటిలో ఏడు నాకు ఇంకెక్కడా దొరకలేదు. జి. ఆనంద్ గారి 'ఒక వేణువు వినిపించెను' ఫోన్‌లో వెంటనే దొరుకుతుంది, మంచిదే. ఆయన పోయినప్పుడు మాత్రం పేపర్లో వార్త ఎక్కడో లోపలి పేజీలో చూశాను. ఆయన గొంతున్న నా క్యాసెట్ అట్ట మీద నేనే స్కెచ్ పెన్నుతో రాసుకున్న పేరుంది, 'ఆనంద్' పక్కన రెండు చుక్కలు. బాగా నచ్చిన పాటలకి పెట్టుకున్న గుర్తు అది. అలాంటి చుక్కలు ఏ ఫోనూ చూపించదు.

ఐదుకి ఎన్ని ఇస్తావని మా స్నేహితురాళ్లు అడిగారు. పెట్టెలోంచి తీసినప్పుడు రెండు. వేగమూ, హెడ్డూ సరిచేసుకున్నాక నాలుగు. మరలు తిప్పే ఓపిక, చూపు లేకపోతే ఆ పని తెలిసినవాళ్లతో చేయించుకోండి.

మొన్న చేసిన క్యాసెట్ గురించి చెప్పి ఆపుతాను. 'శంకరాభరణం' పాటలు 'జనరంజని'లోంచి ఒక్కొక్కటే పోగేసిన సీ-60 అది. మొదటివైపు చివర 'దొరకునా ఇటువంటి సేవ'. సినిమాలో కథానాయకుడు శంకరశాస్త్రి గారు పాడుతూ పాడుతూ ఒరిగిపోతారు, శిష్యుడు అందుకుంటాడు, అక్కడ వాణి గారి గొంతు మొదలవుతుంది. మా క్యాసెట్‌లో అక్కడిదాకా రాదు. బాలు గారి గొంతు నడుస్తుండగానే రీలు అయిపోయి టక్కున ఆగిపోతుంది. మేం ఇన్నేళ్లూ విన్నది అలాగే. మిగతాది ఫోన్‌లోంచి తీసి అతికించనా అని అడిగితే ఒకామె సరేనంది, ఇద్దరు వద్దన్నారు. అతికించకుండానే, ఆ టక్కుతో సహా ముగ్గురికీ పంపాను.

రాత్రి పదింటికి ఫోనొచ్చింది, 2020లో చేసినామె దగ్గర్నుంచే.

"అక్కడ ఆగగానే నేనేం చేశానో తెలుసా?"

నాకు తెలుసు. అప్పట్లో క్యాసెట్ తీసి రెండోవైపు తిప్పి పెట్టేలోపు వాణి గారి భాగం మేమిద్దరం గొంతెత్తి పాడేసేవాళ్లం.

"పాడావా?"

"పాడానే. మొత్తం గుర్తుంది."